రోలా స్టూడియోలో మంచుకొండ

పోయిన ఆదివారం పొద్దున్నే, నేనింకా కాఫీ కూడా కలుపుకోకముందే, మా అమ్మాయి ఫోన్లో ఒక వీడియో పంపింది. పెళ్ళయి పాతికేళ్ళు నిండాయని తనూ మా అల్లుడూ పది రోజుల బస్సు యాత్రకు ఎక్కడో మంచు దేశానికి వెళ్ళారు. పెద్ద అద్దాల బస్సు, కిటికీ బయట అల అన్నది లేకుండా పరుచుకున్న నీలి సరస్సు, దాని వెనక కొండ మీంచి కిందికి జారుతూ జారుతూ గడ్డకట్టి నిలిచిపోయిన మంచునది. ఇంకొకరైతే చేతులు జోడించి, దేవుడి సృష్టి అనుకుని ఉండేవారు. నాకు ఒళ్ళు మండింది. ఫోను బోర్లా పెట్టేసి, కాఫీలో పంచదార వేయడం మరచిపోయి, ఆ చేదు కాఫీ అలాగే తాగేశాను. మంచును చూస్తే ఒళ్ళు మండే మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను. నా ఈడు వాళ్ళు, అందులోనూ ఆ రోజుల్లో దుబాయ్ వెళ్ళి పరాయి వంటగదుల్లో వయసు పోగొట్టుకుని వచ్చిన ఆడవాళ్ళు, నవ్వకుండా వింటారన్న ధైర్యంతో ఇది రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో నేను షార్జాలో ఒక అరబ్బుల ఇంట్లో పనికి కుదిరాను. మాది రాజోలు వైపు. మా ఊళ్ళో షార్జా అన్నా, అబుదాబి అన్నా, అందరికీ అది దుబాయే. మా ఆయన నాకన్నా ఏడాది ముందే వెళ్ళి, షార్జా ఊరి బయట సజ్జాలో ఫ్యాక్టరీలు కట్టే ఒక కంపెనీలో తాపీపనిలో చేరారు. ఆయన గురించి ఇలా మర్యాదగా రాస్తున్నానంటే పోయిన మనిషి గనక రాస్తున్నాను. ఈ కథ జరిగిన రోజుల్లో ఆ మర్యాద నా నోట్లోనే తప్ప మనసులో ఉండేది కాదు. ఆయనకు కంపెనీ షెడ్డులో ఒక మంచం, నాకు ఆ అరబ్బుల వంటగది పక్కన ఒక చాప. నెలకు రెండు శుక్రవారాలు మధ్యాహ్నం నుంచి నాకు సెలవిచ్చేవారు. అప్పుడిద్దరం షార్జా బజారు రోలాలో కలుసుకుని, కూర్చునే చోటు లేక, ఆ కొట్ల ముందు ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూ, టీ తాగుతూ, నలుగురిలో పోట్లాడుకుంటూ కాపురం చేశాం. నడిరోడ్డు మీద కాపురం చేసిన జంటలు ఆ ఊళ్ళో మేమొక్కళ్ళమే కాదు లెండి.

మా అమ్మాయిని నాలుగేళ్ళ పిల్లప్పుడు మా అమ్మ దగ్గర వదిలి వెళ్ళాను. రెండేళ్ళలో వచ్చేస్తానని చెప్పాను. రెండేళ్ళు కాస్తా మూడయ్యాయి. మూడో ఏట పిల్లకు టైఫాయిడ్ వచ్చిందని ఉత్తరం వచ్చింది. ఉత్తరం నా చేతికందేసరికే ఇరవై రోజులైంది. నా పాస్‌పోర్టు కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన ఆ ఇంటి యజమాని, బీరువాలో ఉండేది. ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని అడిగాను, ఇంటావిడను అడిగాను, చివరకు రంజాన్ అయ్యాక చూద్దామన్నారు. రంజాన్ అయ్యేలోపు పిల్ల లేచి తిరిగింది. సెలవివ్వలేదమ్మా, ఇస్తే ఆ రోజే విమానం ఎక్కేదాన్నని కేసెట్టులో ఏడుస్తూ చెప్పుకున్నాను. పిల్ల నమ్మింది. వాళ్ళ అమ్మమ్మ చెప్పిందానిబట్టి, మా అమ్మకి సెలవియ్యరంట అని బళ్ళో అందరికీ చెప్పేదట. మూడేళ్ళు ముఖం చూపని తల్లికి కూతురి దగ్గర మిగిలిన పరువు ఆ ఒక్క నమ్మకమే.

ఆ రోజుల్లో ఉత్తరాలకన్నా కేసెట్లే నయం. ప్రతివాడూ ఇంటికి ఒక టేప్ రికార్డరు పంపేవాడు, తన దగ్గర ఒకటి ఉంచుకునేవాడు. సెలవు మీద వెళ్ళేవాళ్ళ చేత కేసెట్టు పంపితే, తిరిగొచ్చేవాళ్ళ చేత అదే కేసెట్టు, ఆవకాయ సీసాతో సహా, ఇంటి గొంతులు నింపుకుని వచ్చేది.

పిల్ల నా ముఖం మరచిపోతోందని మా అమ్మ చెప్పి పంపితే, ఒక శుక్రవారం రోలాలో ఫొటో తీయించుకోవడానికి వెళ్ళాం. బట్టల కొట్టు మీద, ఇరుకు మెట్లెక్కి వెళ్ళాల్సిన మలయాళీ స్టూడియో. గోడకు చుట్టలు చుట్టిన తెరలు మూడుండేవి. ఒకదాని మీద తాజ్‌మహల్, ఒకదాని మీద విమానం మెట్లు, మూడోదాని మీద సరస్సు, సరస్సు వెనక మంచుకొండ. నాకు ఉత్త తెల్లగోడ చాలు, పిల్లకు నా ముఖం కనిపిస్తే చాలునన్నాను. మా ఆయన వినలేదు. మంచుకొండే కావాలన్నారు. మేకుకు వేలాడుతున్న స్టూడియో కోటు ఆయన తొడుక్కున్నారు, వెనక క్లిప్పులు పెట్టి బిగించారు. నా చేత ఒక ఉన్ని స్వెట్టరు వేయించారు. నాకు ముందు ఎంతమంది వేసుకున్నారో, వాళ్ళందరి చెమట వాసనా అందులో ఉంది. ఏసీ పనిచేయడం లేదు. పై పెదవి మీద చెమట కారుతుంటే మంచుకొండ ముందు నిలబడ్డాను. కోపంతో ఆయనకు జానెడు దూరంలో నిలబడ్డాను. స్టూడియో అతను కొంచెం దగ్గరికి జరగమని రెండుసార్లు హిందీలో బతిమాలాడు. నేను జరగలేదు.

ఆ ఫొటోతో పాటు మా ఆయన ఒక కేసెట్టు కూడా పంపారని, అందులో ఏం చెప్పారో కూడా, నాకు నాలుగు నెలల దాకా తెలియదు.

నాలుగు నెలలకు పండగ సెలవులొచ్చాయి. నేను పనిచేసే ఇంటివాళ్ళు పెళ్ళికని అల్ ఐన్ వెళుతూ, నన్ను రెండు రోజులు వదిలేశారు. అదే సమయానికి సజ్జా క్యాంపులో మావాళ్ళు ముప్పై మంది కలిసి, కొండల మధ్య నుంచి ఖోర్‌ఫక్కాన్ సముద్రం దాకా పోయి రావడానికి ఒక పాత బస్సు మాట్లాడుకున్నారు. ఎక్కువమంది జగిత్యాల, సిరిసిల్ల వైపు వాళ్ళు. వాళ్ళ మేస్త్రీ కూడా అటువాడే, పెద్దమనిషి, నన్ను చెల్లె అని పిలిచేవాడు. ఆడదాన్ని నేనొక్కదాన్నే గనక డ్రైవరు వెనక ముందు సీటు మాకిచ్చారు. మా ఆయన ఆ రోజు మహా హుషారుగా ఉన్నారు. మా ఊరి నుంచి తిరిగొచ్చిన ఒకతను కిందటి రోజే కేసెట్టు తెచ్చి ఇచ్చాడట. నాతో కలిసి విందామని దాచారట. నేను ఒక్కదాన్నే చెవి దగ్గర పెట్టుకుని వింటానంటే, అందరూ మనవాళ్ళే కదా అని, బస్సులోని టేపులో పెట్టమని పఠాన్ డ్రైవరుకిచ్చారు. ఆ ఫొటో చూసి ఊరు ఏమనుకుందో ముప్పై మందీ వినాలని ఆయన కోరిక.

బస్సు ధైద్ దాటి కొండల్లోకి తిరిగింది. ఒక గడ్డిపోచ లేని, మాడిపోయిన రంగు కొండలు రెండు పక్కలా. ముందు మా అమ్మ గొంతు వచ్చింది. ఫొటో చూడటానికి ఎవరెవరు వచ్చారో, కరణంగారి భార్య ఏమందో, కంపెనీవాళ్ళు మొగుడూ పెళ్ళాలను బస్సులో మంచు దేశానికి తీసుకెళ్ళడం ఎంత గొప్పో అని ఊళ్ళో ఎలా చెప్పుకుంటున్నారో, వరసగా చెప్పింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్కకు తిరిగి చూస్తే మా ఆయన కిటికీ బయటికి చూస్తున్నారు. మేం నాలుగు రోజులు బస్సులో తిరిగామనీ, కరిగిన మంచునీళ్ళు చేత్తో ముంచుకుని తాగామనీ ఆయన కేసెట్టులో చెప్పారన్నమాట. తర్వాత కాసేపు గరగర శబ్దం, మాట్లాడవే, అమ్మ వింటుంది అని మా అమ్మ బుజ్జగింపు, ఆ తర్వాత ఏడేళ్ళ నా కూతురి గొంతు బస్సంతా వినపడింది.

"అమ్మా, నీకు సెలవియ్యరన్నావు కదా. మంచుకొండకి ఇచ్చేరా? నాకు జొరమొచ్చినప్పుడు ఇవ్వలేదు కదా. నేనింక నీతో మాట్లాడను."

అంతే. మళ్ళీ గరగర. భాష రాకపోయినా డ్రైవరుకు ఏదో అర్థమై టేపు కట్టేశాడు. వెనక అప్పటిదాకా పేకాడుతున్నవాళ్ళు కూడా ఆపేశారు.

ఆ తర్వాత నేను ఆ బస్సులో ఎలా మాట్లాడానో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది, కాని తప్పనిపించదు. ముప్పై మంది మగవాళ్ళున్నారని చూడలేదు. పెళ్ళయ్యాక మొదటిసారి ఆయన్ను నువ్వు అన్నాను. బస్సాపితే దిగిపోతానన్నాను, ఆ కొండల్లో దిగి ఎక్కడికి పోతానో నాకే తెలియదు. ఆయన తిరగబడ్డారు. క్యాంపులో అందరూ ఇంజనీరు కారు పక్కన నిలబడి సొంత కారని ఫొటోలు పంపడం లేదా అన్నారు.

"అందరూ ఆడతన్న అబద్ధమే నేనూ ఆడేను. రేకుల షెడ్డులో పన్నెండుమందిమి పడుకుంటన్నామని మీ అమ్మకి సెప్పమంటావా?"

"నీ పరువు కోసం నా కూతురి దగ్గర నన్ను దొంగని చేసేవు."

ఇక అక్కడి నుంచి ఇద్దరం మాట్లాడుకోలేదు. మసాఫీ దగ్గర బస్సాగితే అందరూ దిగి పండ్లు కొన్నారు, నేను దిగలేదు. ఖోర్‌ఫక్కాన్‌లో కొండలు మూడు పక్కలా చుట్టుకుని, మధ్యలో సముద్రం పెద్ద చెరువులా ఉంటుంది. ఎంత బావుంటుందో అని ఆ తర్వాత ఎంతమందో చెప్పగా విన్నాను. నేను చూసింది బస్సు కిటికీ తుప్పు ఊచలే. మగవాళ్ళు నీళ్ళలో దిగి కేకలు వేస్తున్నారు. ఎవరో కాగితపు పళ్ళెంలో బిర్యానీ తెచ్చి పక్కన పెట్టి వెళ్ళారు, అది అలాగే చల్లారిపోయింది. మా ఆయన ఇసుకలో, నాకు కనిపించేంత దూరంలో, నాకు వీపు చూపించి కూర్చున్నారు. ఆ వీపు చూస్తూ ఆయన్ను ఎన్ని తిట్టుకున్నానో. పిల్లకు నిజం చెప్పమని మేస్త్రీ చేత రెండుసార్లు కబురు పంపాను. ఊళ్ళో తలెత్తుకోలేనని, తాను చెప్పలేనని రెండుసార్లూ అదే జవాబు వచ్చింది.

మూడోసారి మేస్త్రీయే ఆయన్ను చెయ్యి పట్టుకుని బస్సు దగ్గరికి తీసుకొచ్చాడు.

"తమ్మీ, పోరి మాట బస్సుల అందరం ఇన్నం. ఇగ దాసుడేంది? చెల్లె మాట్లాడ్తది, నువ్వు మిషన్ పట్కో. ఖలాస్."

మా ఆయన సంచీలోంచి రికార్డరు తీసి, అదే కేసెట్టు రెండోవైపు తిప్పి పెట్టారు. నాకు దాని మీటలు తెలియవు. ఆయన మీటలు నొక్కి పట్టుకున్నారు, నేను బస్సు ముందు నిలబడి మాట్లాడాను. బస్సు మోటారు ఆడుతూనే ఉంది. బ్యాటరీ పాడైంది, ఆపితే మళ్ళీ కదలదని డ్రైవరు ఆపనన్నాడు. అది కొండ కాదమ్మా, బట్ట మీద వేసిన రంగు, రోలాలో ఒక మేడ మీద గోడకు చుట్టి పెడతారు, స్వెట్టరు కూడా నాది కాదు, నేనెక్కడికీ వెళ్ళలేదు, నాకు సెలవిస్తే నీ దగ్గరికే వస్తాను అని, ఏడవకుండా, ఒకటికి రెండుసార్లు చెప్పాను. మా ఆయన తల దించుకుని రికార్డరు పట్టుకున్నారు. అది నా వైపుందా, మోటారు వైపుందా అని నేను అప్పుడు చూసుకోలేదు.

రెండు నెలలకు మా అమ్మ దగ్గర నుంచి కేసెట్టు వచ్చింది. నువ్వు పంపింది అందింది, బస్సు మోత తప్ప ఒక్క మాటా తెలియలేదు అని చెప్పింది. అందులో పిల్ల గొంతు లేదు. ఆ తర్వాత వచ్చిన ఏ కేసెట్టులోనూ లేదు.

అప్పుడు నాకు రికార్డరు పట్టుకున్న ఆయన చెయ్యి గుర్తొచ్చింది. తన అబద్ధం బయటపడకుండా కావాలనే మోటారు వైపు తిప్పి పట్టుకున్నారని తీర్మానించేసుకున్నాను. ఆయన ఒట్టేశారు, పిల్ల మీద కూడా ఒట్టేశారు. నేను నమ్మలేదు. మరో కేసెట్టు పంపుదామన్నారు. పంపాం కూడా. కాని ఆ పాటికి పిల్ల మా గొంతులు వినడం మానేసిందట, టేపు పెడితే లేచి పెరట్లోకి వెళ్ళిపోయేదట.

మరో ఏడాదికి సెలవు దొరికి ఇంటికి వెళితే, మా అమ్మ కుచ్చిళ్ళ వెనక నిలబడి, మీరు ఎప్పుడెళ్తారండీ అని అడిగింది నా కూతురు. చుట్టాలను అడిగినట్టు అడిగింది. నాకు కోపం వచ్చింది, దాని మీద కాదు, ఆయన మీద.

ఆ తర్వాత ఇద్దరం తిరిగొచ్చేశాం, ఇల్లు కట్టుకున్నాం, పిల్లను చదివించుకున్నాం. అది బ్యాంకులో చేరింది, హైదరాబాదులో స్థిరపడింది, నాకు ఏ లోటూ చేయలేదు. అయినా కడుపులో ఉన్న మాట నాతో ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అడిగితే ఏం చెబుతుందోనని భయం. ఆ భయానికంతటికీ మా ఆయనే కారణమని ఇంట్లో ఉప్పు ఎక్కువైనా, నీళ్ళ కుళాయి రాకపోయినా, తిరిగి తిరిగి ఆ బస్సు దగ్గరికే వచ్చి ఆయన్ను దులిపేసేదాన్ని. ఆరేళ్ళ కిందట ఆసుపత్రి మంచం మీద, మాట సరిగ్గా రాని స్థితిలో, నేను మోటారు వైపు పెట్టలేదే అన్నారు. సరేలెండి అన్నాను. నమ్ముతున్నానని మాత్రం అనలేదు.

మళ్ళీ ఆదివారానికి వస్తాను. సాయంత్రం మా అమ్మాయి వీడియోలో పిలిచింది. నా దగ్గర మనవరాలుంది, పరీక్షలకు చదువుకోవడానికి వచ్చింది, అదే ఫోను పట్టుకుంది. వీడియో పంపితే ఒక్క మాటయినా అనలేదేమని మా అమ్మాయి అడిగింది. వెనక బస్సు, సరస్సు, మంచు. నలభై ఏళ్ళు ఆపుకున్నది ఎందుకో అప్పుడు ఆగలేదు. ఆ ఫొటో సంగతి, మీ నాన్న చెప్పిన అబద్ధం, నేను పంపిన కేసెట్టు, మోటారు మోతలో పోయిన నా మాటలు, అన్నీ చెప్పేశాను. నేను అప్పుడు ఎక్కడికీ వెళ్ళలేదే, అదంతా బట్ట అని చెప్పాను. అది ఫోను ముఖానికి దగ్గరగా జరుపుకుంది. తర్వాత నెమ్మదిగా అంది.

"నాకు తెలుసమ్మా. నీ కేసెట్టు విన్నాను. అమ్మమ్మకి చెవులు మందం కదా, మోతొక్కటే వినపడింది. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక స్పీకరుకి చెవి ఆనించి విన్నాను. బట్ట అన్నావు, రంగు అన్నావు, అన్నీ వినపడ్డాయి."

మరెందుకే అన్నేళ్ళు నాతో మాట్లాడలేదని అడిగాను.

"ఆ బట్ట ముందైనా నేను మీతో లేనుగా."

చెప్పి, దానికేం లేమ్మా, చిన్నపిల్లను అప్పుడు అని నవ్వింది. బస్సు బయల్దేరుతోందని ఎవరో పిలిస్తే పెట్టేసింది.

ఆ రాత్రి పాత ట్రంకుపెట్టె తీసి ఆ ఫొటో వెతికాను. రంగులు ఎర్రబడ్డాయి. ఆయన కోటులో గర్వంగా ఉన్నారు, నేను స్వెట్టరులో మూతి ముడుచుకుని ఉన్నాను, పై పెదవి మీద చెమట ఇప్పటికీ మెరుస్తోంది. ఇద్దరి మధ్య నేను జరగనంటే జరగనన్న జానెడు చోటు, అందులోంచి సరస్సు కనిపిస్తోంది. నలభై ఏళ్ళు ఈ ఫొటోలో ఆయన అబద్ధం ఒక్కటే చూశాను. నా మాటలన్నీ పిల్లకు వినపడ్డాయంటే ఆయన రికార్డరు నా వైపే పట్టుకున్నట్టు. మోటారు వైపు పెట్టలేదన్న మనిషిని ఒక్కసారి నమ్మి ఉంటే పోయేదేముంది? ఇప్పుడు నమ్ముతున్నానని చెబుదామంటే వినేవాళ్ళు లేరు.

మా మనవరాలు నా భుజం మీంచి తొంగి చూసి, అమ్మ చిన్నప్పటి ఫొటో ఏదైనా ఇస్తే ఫోన్లో నిమిషంలో అమ్మను ఆ చోట్లో నిలబెట్టేస్తాను, అతికించినట్టే తెలియదు అంది. కాలం ఎంత మారిపోయిందో చూడండి. ఇప్పుడు దుబాయ్ వంటగదుల్లో ఉన్న తల్లులు రోజుకు నాలుగుసార్లు పిల్లలకు ముఖం చూపిస్తున్నారు, చెమటా చూపిస్తున్నారు, మేడెక్కి తెర ముందు నిలబడే అవసరం ఎవరికీ లేదు. ముఖం మరచిపోతారన్న భయం వాళ్ళకు లేదు, అందుకు నాకు సంతోషమే, కొంచెం అసూయ కూడా. మనవరాలు బాధపడుతుందని తెలిసినా, వద్దమ్మా, ముట్టుకోకు అని గట్టిగానే అన్నాను. నా కూతురు లేని చోటు అది. అది అలాగే ఉండనీ.